తొమ్మిది అక్షరాల చక్రం: జవాబుతో పాటు దారి కూడా అచ్చు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ విద్యార్థి పేజీ అడుగున వచ్చే ఇంగ్లిష్ అక్షరాల చక్రం గురించి రాస్తున్నాను. తొమ్మిది అక్షరాలు, మధ్యలో ఒకటి, చుట్టూ ఎనిమిది. వాటితో వీలైనన్ని పదాలు అల్లాలి, ప్రతి పదంలోనూ మధ్య అక్షరం ఉండి తీరాలి. పిల్లలు ఇష్టంగా ఆడుతున్నారు, పెద్దలూ పెన్ను పట్టుకుని కూర్చుంటున్నారు. మర్నాడు జవాబు కింద తొమ్మిదక్షరాల పదం ఒక్కటీ, మొత్తం ఎన్ని పదాలు వస్తాయో ఒక అంకె, అంతవరకే అచ్చవుతోంది. ఆ పదం దగ్గరికి ఎటు నుంచి నడిచి వెళ్లాలో మాత్రం తెలియడం లేదు. రేపటి చక్రం ముందు మళ్లీ అదే తికమక. జవాబు పక్కన నాలుగు వాక్యాల్లో దారి కూడా వేయమని అడగడానికే ఈ ఉత్తరం. ఆ దారి ఎలా ఉంటుందో చూపించకుండా అడగడం సబబు కాదు గనక కాస్త పొడుగవుతుంది, మన్నించాలి. ఇంగ్లిష్ అక్షరాలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను: ఎ అంటే మొదటి అక్షరం, ఇ అంటే ఐదోది, ఐ అంటే తొమ్మిదోది.

తెలుగు పిల్లలకి ఈ ఆటలో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మన గళ్ల నుడికట్టులో ఒక గడిలో పట్టేది గుణింతంతో, ఒత్తుతో కూడిన నిండు అక్షరం. వికటకవిని వెనక నుంచి చదివినా వికటకవే అవుతున్నదంటే, వి, క, ట, క, వి అని ఐదు అక్షరాలుగా చూస్తున్నాం గనకే. అదే పదాన్ని ఇంగ్లిష్ లిపిలో రాసి తిప్పి చూడండి. వి-ఐ-కె-ఎ-టి-ఎ-కె-ఎ-వి-ఐ వెనక నుంచి ఐ-వి-ఎ-కె అని మొదలవుతుంది. మొదటి అడుగులోనే చెడింది. తెలుగులో అంటుకుని ఉండే హల్లూ అచ్చూ అక్కడ విడివిడి ముక్కలు. మనం పుట్టినప్పటి నుంచి జతలుగా విన్నవాటిని ఆ చక్రం చీల్చి చల్లేస్తుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు ధ్వనిది. తెలుగులో పలికినట్టే రాస్తాం, రాసినట్టే చదువుతాం. కాబట్టి 'షన్' అని చెవిన పడగానే మనసు ఎస్, హెచ్ కోసం పరిగెడుతుంది. చక్రంలో ఎస్ లేదు, హెచ్ లేదు, యాక్షన్ అన్న పదం తట్టనే తట్టదు. టి-ఐ-ఓ-ఎన్ నాలుగూ కళ్లెదుట ఉంటాయి. 'ఫ' కోసం ఎఫ్‌ని వెతుకుతుంటే పక్కన పి, హెచ్ కూర్చుని ఉంటాయి. నైఫ్ మొదట్లో కె, రాంగ్ మొదట్లో డబ్ల్యు, నైట్ మధ్యలో జి-హెచ్, ఇవేవీ చెవికి అందవు. ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడే పిల్లలు కూడా ఈ చక్రం దగ్గర ఆగిపోవడానికి కారణం పదాలు రాకపోవడం కాదు. తెలిసిన పదాన్నే చెవితో వెతకడం. బళ్లలో రోజుకి పది కొత్త పదాలు బట్టీ పెట్టించినంత మాత్రాన ఇది తీరదు. ఏ అక్షరం ఏ అక్షరం పక్కన చేరుతుందో కంటికి అలవాటు కావాలి.

ఒక చక్రం తీసుకుని చూద్దాం. అక్షరాలు ఎ, బి, సి, డి, ఐ, ఎన్, ఓ, ఓ, టి. ఓ రెండుసార్లు ఉంది, తక్కినవి ఒక్కొక్కసారే. మధ్య అక్షరం సి. ఒక పదంలో ఏ అక్షరాన్నైనా ఇచ్చినన్ని సార్లే వాడాలి, నాలుగక్షరాలకి తగ్గకూడదు.

ముందు చేయాల్సింది పత్రికలో అచ్చయిన వరసని మనసులోంచి చెరిపేయడం. పక్కపక్కన అచ్చయిన అక్షరాలు కంటికి అతుక్కుపోయి, వాటిని విడదీయడమే కష్టమవుతుంది. తెల్లకాగితం మీద పైన అచ్చులు, కింద హల్లులు, అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో రాసుకోవాలి. చిన్న అక్షరాల్లో రాస్తే బి, డి రెండూ అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, ఎన్ తిరగబడితే యు అవుతుంది. ఇంకా మంచిది, తొమ్మిది చీటీలు చేసుకుని వేళ్లతో జరపడం. మన చక్రంలో పైన ఎ, ఐ, ఓ, ఓ వచ్చాయి, కింద బి, సి, డి, ఎన్, టి. నాలుగు అచ్చులు, ఐదు హల్లులు, బాగా కుదిరిన పాళ్లు. అచ్చులు రెండే ఉన్న చక్రమైతే ఎస్-టి-ఆర్, టి-సి-హెచ్ లాంటి హల్లుల గుంపులతో మొదలుపెట్టాలి. అచ్చులు ఐదు దాటితే ఇ-ఎ, ఓ-యు, ఐ-ఓ లాంటి జంటలతో. వై కనిపిస్తే దాన్ని రెండు వరసల్లోనూ రాసుకోవాలి. జిమ్, మిత్, రిథమ్ లాంటి పదాల్లో అచ్చు పని చేసేది అదే.

ఆ తర్వాత తోకలు. ఇంగ్లిష్ పదాలు ఎలాగైనా మొదలవుతాయి గానీ, ముగిసే తీరులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే చివరి నుంచి రావడం తేలిక. ఐ-ఎన్-జి కావాలంటే జి లేదు. ఇ-డి, ఇ-ఆర్, ఇ-ఎస్-టి కావాలంటే ఇ లేదు. ఎల్-వై లేదు. ఇలా కొట్టేస్తూ పోతే మిగిలినవి టి-ఐ-ఓ-ఎన్, ఐ-సి, ఐ-టి, ఐ-ఎన్, ఓ-ఎన్, ఐ-డి. ఈ కొట్టివేత అర నిమిషం పని, కానీ ఇదే సగం దారి.

టి-ఐ-ఓ-ఎన్ పక్కన పెడితే ఎ, బి, సి, డి, ఓ మిగులుతాయి. ముందు ఎ-సి చేర్చితే యాక్షన్. ఆ రెండూ తారుమారు చేసి సి-ఎ చేర్చితే కాటయాన్, రసాయనశాస్త్రంలో ధనావేశం ఉన్న అయాన్. తోక అదే నాలుగక్షరాలు, ఒకచోట షన్ అని పలికింది, ఇంకోచోట టయాన్ అని పలికింది. చెవిని నమ్ముకుంటే రెండో పదం ఎప్పటికీ దొరకదు. ఐ-సి తోకతో టానిక్ తేలిగ్గానే తట్టుతుంది. దాని ముందు ఎ చేర్చితే ఎటానిక్, పట్టు సడలిన కండరానికి వైద్యులు వాడే మాట. యాక్షన్, కాటయాన్, ఎటానిక్ మూడింట్లోనూ ఉన్నవి అవే ఆరు అక్షరాలు. ఒక పదం దొరికినప్పుడు దాన్ని అక్కడే వదిలేయకుండా అవే చీటీలను ఇంకో రెండు తీరులుగా తిప్పాలని చెప్పేది ఇందుకే. ఐ-టి తోకతో బ్యాండిట్, డెకాయిట్. ఇద్దరూ దోపిడీ దొంగలే, కానీ బ్యాండిట్‌లో సి లేదు, కొట్టేయాలి. హిందీ డకైత్ నుంచి ఇంగ్లిష్‌లోకి పోయిన డెకాయిట్‌లో ఉంది, రాసుకోవాలి. ఐ-ఎన్‌తో క్యాబిన్, కాయిన్. కాయిన్ తిప్పితే ఐకాన్. ఓ-ఎన్‌తో బేకన్ చెల్లుతుంది, బేటన్ చెల్లదు. ఐ-డి తోకతో యాసిడ్, శంకువు ఆకారాన్ని చెప్పే కోనాయిడ్.

రెండుసార్లు ఇచ్చిన అక్షరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ముందు రెండు ఓలనీ పక్కపక్కన పెట్టి చూడాలి. సి-ఓ-ఓ-టి, కూట్ అనే నీటిపక్షి. తర్వాత విడదీసి చూడాలి. సి-ఓ-ఎన్-డి-ఓ, అమెరికాలో సొంత ఫ్లాటుని పిలిచే కాండో. పక్కపక్కన ఉంచి చూసేవాళ్లే ఎక్కువ, విడదీసి చూసేవాళ్లు తక్కువ. అందువల్ల రెండో రకం పదాలు తరచుగా జారిపోతాయి.

ఇక పెద్ద పదం. దాన్ని ఒక్క గెంతులో పట్టుకోవాలని చూడటమే చాలామంది చేసే పొరపాటు. తొమ్మిదక్షరాలు మనసులో ఒకేసారి పట్టవు. మెట్లెక్కినట్టు పోవాలి. యాక్షన్ ఆరక్షరాలు. దానికి బి చేర్చి కలిపితే బొటానిక్, ఏడక్షరాలు. సి లేదని పక్కనపెట్టిన అబ్‌టెయిన్ కూడా ఇక్కడ పనికొస్తుంది. ఓ-బి-టి-ఎ-ఐ-ఎన్‌కి సి చేర్చినా వచ్చేది బొటానిక్కే. ఇంక చేతిలో మిగిలినవి డి, ఓ. ఇటునుంచి తెగకపోతే బ్యాండిట్ వైపు నుంచి రావచ్చు. అది ఆరక్షరాలు, మిగిలినవి సి, ఓ, ఓ. ఇప్పటికే కూట్ దొరికింది గదా, దాన్ని చివర పెట్టి చూస్తే ముందు ఎ, బి, డి, ఐ, ఎన్ మిగులుతాయి. బ్యాండ్ అనే ముక్క, ఒక ఐ, చివర కూట్. బ్యాండికూట్! మన పందికొక్కే. తెలుగు మాటని ఇంగ్లిష్ వాళ్లు తీసుకుని అలా పలికారు, తర్వాత ఆస్ట్రేలియాలో కనబడిన ఒక సంచి జంతువుకీ అదే పేరు పెట్టారు. తెలుగు పత్రికలో వేయడానికి ఇంతకన్నా తగిన తొమ్మిదక్షరాల పదం నాకు తోచడం లేదు.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా చెప్పాలి. ఈ చక్రం ఇస్తే నూటికి ఎనభై కాగితాల్లో నేషన్ ఉంటుందనుకోండి, ఆశ్చర్యపోనక్కర్లేదు. టి-ఐ-ఓ-ఎన్ కనిపించింది, ఎ కూడా ఉంది, రాసేశారు. నేషన్‌కి రెండు ఎన్‌లు కావాలి, ఉన్నది ఒకటే, పైగా మధ్య అక్షరం సి అందులో లేనే లేదు. కాటన్‌కి రెండు టిలు, కోకోకి రెండు సిలు, అడిషన్‌కి రెండు డిలూ రెండు ఐలూ కావాలి, అందులోనూ సి లేదు. ఇండియా రాసినవాళ్లది మూడు విధాలా తప్పు, ఐ రెండుసార్లు, సి లేదు, పైగా అది పేరు. దీనికి మందు చాలా మామూలుది. పదం రాయగానే దాని ఒక్కో అక్షరానికీ చక్రంలో ఒక్కో అక్షరం మీద పెన్సిల్ చుక్క పెట్టాలి. చుక్క పెట్టిన అక్షరాన్ని మళ్లీ వాడాల్సి వస్తే ఆ పదం చెల్లదు. రాయడం కన్నా ఈ సరిచూసుకోవడానికే ఎక్కువ ఓర్పు కావాలి.

అయితే తప్పంతా ఆడేవాళ్లదే అనలేను. నియమం ఆటకీ ఆటకీ మారుతుంది, మీరు నియమాన్ని అచ్చు వేయడం లేదు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక స్పెల్లింగ్ బీ ఆటలో ఏడే అక్షరాలు, మధ్య అక్షరం తప్పనిసరి, కానీ ఏ అక్షరాన్నైనా ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. అది ఫోన్‌లో ఆడే అలవాటున్న వాళ్లు మీ చక్రంలో కాటన్ ఎందుకు చెల్లదో అడిగితే అందులో న్యాయం ఉంది. బ్రిటన్‌లో 1982 నుంచి టీవీలో వస్తున్న కౌంట్‌డౌన్‌లో తొమ్మిది అక్షరాలిచ్చి 30 సెకన్లు గడువు పెడతారు, అక్కడ ఇచ్చినన్ని సార్లే వాడాలి. మీది ఈ రెండో రకం ఆట అని ఒక్క వాక్యం వేస్తే సరిపోతుంది.

'ఈ అక్షరాలున్న పదాలు రాయండి' అన్న ప్రశ్నలోనే ఇంకో గందరగోళం ఉంది. బడి వర్క్‌షీట్లలోనూ మీ పేజీలోనూ ఇదే వాక్యం నాలుగు వేర్వేరు అర్థాల్లో వస్తోంది. సి, ఎ, టి ఇచ్చారనుకుందాం. ఈ మూడింటితో మాత్రమే అంటే వచ్చేవి క్యాట్, యాక్ట్. ఈ మూడూ ఉండాలి, వేరేవి ఎన్నైనా చేరవచ్చు, వరస పట్టింపు లేదు అంటే టీచర్, యాక్షన్, బొటానిక్ అన్నీ వస్తాయి. ఇదే వరసలో ఉండాలి గానీ మధ్యలో వేరేవి రావచ్చు అంటే క్రాఫ్ట్, చార్ట్, క్యాసిల్ వస్తాయి, టీచర్ పోతుంది. ఇదే వరసలో అతుక్కుని ఉండాలి అంటే స్కాటర్, లొకేషన్, డెలికేట్, ఎడ్యుకేషన్. చివరి మూడు పదాల్లో క్యాట్ అన్న ధ్వని ఎక్కడా లేదు, కంటికి మాత్రం సి-ఎ-టి నిక్షేపంగా ఉంది. ప్రశ్న వేసేవారు నాలుగింట్లో ఏది అడుగుతున్నారో చెప్పకపోతే జవాబు దిద్దడం అన్యాయం.

రెండో రకం ప్రశ్నకి దారి వేరు. అక్కడ అరుదైన అక్షరాన్ని ముందు పట్టుకోవాలి. క్యూ, ఎ, టి ఇచ్చినప్పుడు ఎ తోనో టి తోనో మొదలుపెడితే సముద్రంలో పడతాం. క్యూ పక్కన దాదాపు ఎప్పుడూ యు వస్తుంది, కాబట్టి క్యూ-యుని ఒకే ముక్కగా పట్టుకుంటే క్వాలిటీ, ఈక్వేటర్, చివర ఇ ఉన్న యాంటీక్ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. యు లేని క్యూ ఉన్న పదాలు కొద్దిగా ఉన్నాయి. ఫకీర్ అన్న మాటకి ఉన్న స్పెల్లింగుల్లో ఒకటి ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్. ముఖానికి వేసుకునే నికాబ్‌లోనూ క్యూ తర్వాత ఎ వస్తుంది. రెండూ అరబిక్ నుంచి వచ్చినవే.

బ్యాంకు పరీక్షలకి చదివే యువతకి ఈ విద్యతో నేరుగా పని ఉంది. రీజనింగ్ విభాగంలో ఒక పదం ఇచ్చి, దానిలోని ఫలానా ఫలానా స్థానాల అక్షరాలతో ఎన్ని అర్థవంతమైన ఇంగ్లిష్ పదాలు వస్తాయని అడగడం పాత అలవాటు. ప్రతి అక్షరాన్నీ ఒక పదంలో ఒకేసారి వాడాలి. జవాబు సున్నా, ఒకటి, రెండు, మూడు, మూడు కన్నా ఎక్కువ, వీటిలో ఒకటి. ఉదాహరణకి ఎడ్యుకేషన్‌లోని 1, 2, 6, 7 అక్షరాలు తీస్తే ఇ, డి, టి, ఐ. నాలుగక్షరాలని 24 విధాలుగా పేర్చవచ్చు. గాలిలో తిప్పితే ఒకటో రెండో దొరికి, జవాబు రెండు అని పెట్టేస్తారు. తప్పుకి పావు మార్కు కోత కూడా ఉంటుంది. అలా కాకుండా మొదటి అక్షరాన్ని కట్టేసి ఆరేసి చొప్పున చూడాలి. డి మొదట పెడితే డైట్. ఇ మొదట పెడితే ఎడిట్. ఐ మొదట పెడితే ఏమీ లేదు. టి మొదట పెడితే టైడ్, టైడ్. అచ్చు తప్పు కాదు. టి-ఐ-డి-ఇ అంటే సముద్రపు పోటు, టి-ఐ-ఇ-డి అంటే కట్టిన. చెవికి ఒకటే, లెక్కకి రెండు. మొత్తం నాలుగు, కాబట్టి జవాబు మూడు కన్నా ఎక్కువ. చెవితో చేసినవాడు మూడు అని పెట్టి మార్కు పోగొట్టుకుంటాడు.

ఇలాంటి కుటుంబాలు కొన్ని చేతిలో ఉంచుకోవడం మంచిది. టి-ఐ-ఎమ్-ఇ నుంచి టైమ్, ఐటమ్, ఎమిట్, పురుగుకి పేరైన మైట్. ఎమ్-ఇ-ఎ-టి నుంచి మీట్, టీమ్, టేమ్, మేట్. ఎన్-ఎ-ఎమ్-ఇ నుంచి నేమ్, మీన్, మేన్, ఆమెన్. ఎల్-ఇ-ఎ-పి నుంచి లీప్, పేల్, ప్లీ, గంటల మోత అని అర్థం వచ్చే పీల్. ఎల్-ఐ-వి-ఇ నుంచి లివ్, ఈవిల్, వైల్, వెయిల్. వీటన్నింటిలోకీ పెద్ద కుటుంబం ఎస్-టి-ఓ-పిది. స్టాప్, స్పాట్, పోస్ట్, పాట్స్, టాప్స్, ఆప్ట్స్, ఆరుగురు. నంద్యాల, హైదరాబాద్ కోచింగ్ సెంటర్లలో చదువుకునే పిల్లలు ఇవి కంఠతా పట్టడం కన్నా, మొదటి అక్షరం కట్టేసే అలవాటు చేసుకుంటే కొత్త కుటుంబం వచ్చినా కంగారుపడరు.

ఇప్పుడు వెబ్‌సైట్ల మాట. అక్షరాలు కొడితే క్షణంలో పదాల జాబితా వచ్చేస్తుంది, ఇంక ఈ కుస్తీ ఎందుకని అడిగేవారున్నారు. ఆ యంత్రం ఏం చేస్తుందో తెలిస్తే దాని నుంచి కూడా నేర్చుకోవచ్చు. పందికొక్కు చక్రంలోని తొమ్మిదక్షరాలనీ పేర్చే తీరులు, ఓ రెండుసార్లు ఉంది గనక, 1,81,440. బాగా రాసిన ప్రోగ్రామ్ అవన్నీ తిరగేయదు. డిక్షనరీలోని ప్రతి పదంలోనూ అక్షరాలని అకారాది వరసలో పేర్చి ఒక గుర్తు తయారుచేసుకుని ఉంటుంది. లిసన్‌లోని అక్షరాలను అలా పేర్చితే ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి. సైలెంట్, ఎన్‌లిస్ట్, టిన్సెల్, ఇన్‌లెట్స్ వీటన్నిటి గుర్తూ అదే. ఇక చక్రం ఇచ్చినప్పుడు చూడాల్సింది ఎన్ని గుంపులు ఏరవచ్చు అన్నదే. మన తొమ్మిదక్షరాల్లోంచి అన్ని పొడవులూ కలిపి 383 గుంపులు మాత్రమే వస్తాయి. ఒక్కో గుంపు గుర్తునీ జాబితాలో చూసుకుంటే పని అయిపోయింది. కాగితం మీద కూడా ఇది పనికొస్తుంది. రెండు పదాలు ఒకే అక్షరాలవా కావా అన్న అనుమానం వస్తే రెండింటినీ అకారాది వరసలో పేర్చి పోల్చుకుంటే చాలు.

సైట్లు వాడేటప్పుడు ఒక సంగతి గమనించాలి. వాటిలో చాలావరకు అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే స్క్రాబుల్ ఆట కోసం తయారైన పద పట్టికల మీద నడుస్తాయి. బడిలో వాడే డిక్షనరీలో కనపడని పదాలు వాటిలో బోలెడు ఉంటాయి. పిల్లలు ఆ జాబితా చూసి తమకేమీ రాదని నిరుత్సాహపడుతున్నారు. ముందు పదిహేను నిమిషాలు కాగితం మీద చేసి, తర్వాత జాబితా తెరిచి, తనకి ముందే తెలిసి కూడా తట్టని పదాల కింద మాత్రమే గీత గీసుకోవాలి. ఆ గీతలన్నీ ఏ తోక దగ్గర పడుతున్నాయో వారం రోజులు చూస్తే ఎవరి బలహీనత వారికి తెలిసిపోతుంది. మన పిల్లల విషయంలో అది టి-ఐ-ఓ-ఎన్ దగ్గరా, చివర పలకని ఇ దగ్గరా ఎక్కువ పడుతుంది.

చక్రం కూర్చేవారికి కూడా రెండు మాటలు. తోచిన తొమ్మిది అక్షరాలు వేసేయకుండా పెద్ద పదాన్ని ముందు ఎంచుకుని దాన్ని చెదరగొట్టాలి. ఎస్ ఉన్న పదాన్ని వదిలేయడం మేలు, అది ఉంటే సగం జవాబులు బహువచనాలే అవుతాయి. స్పెల్లింగ్ బీ కూర్చేవాళ్లు కూడా ఎస్ ఇవ్వరు. ఇ, డి రెండూ ఉన్నా, ఇ, ఆర్ రెండూ ఉన్నా జాబితా ఉబ్బిపోతుంది. అక్షరాలు కలిపేసి ఒకే పదం అడిగేటప్పుడు వేరే పదం కూడా వస్తుందేమో చూసుకోవాలి. ఆ మధ్య లిసన్ జవాబుగా వేసిన రోజున సైలెంట్ రాసి పంపినవారిది తప్పెలా అవుతుంది? అమెరికాలో 1954లో మొదలైన జంబుల్‌లో ఇలా జరగకుండా ఒకే పదం వచ్చే గుంపులు ఎంచుతారు.

ఏ అక్షరం ఎంత వాడుకలో ఉందో తెలుసుకోవడానికి మీ వృత్తిలోనే పాత ఆధారం ఉంది. ఇంగ్లిష్ పత్రికలకి అచ్చు అక్షరాలు కూర్చిన లైనోటైప్ యంత్రం కీబోర్డులో ఎడమవైపు మొదటి రెండు నిలువు వరసలు ఇ-టి-ఎ-ఓ-ఐ-ఎన్, ఎస్-హెచ్-ఆర్-డి-ఎల్-యు. ఎక్కువ వాడే పన్నెండు అక్షరాలు అవే. స్క్రాబుల్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ 1930లలో పత్రికల పేజీల్లో అక్షరాలు లెక్కపెట్టే తన బిళ్లల సంఖ్య తేల్చాడు. బడిలో ఒక పెట్టె తయారుచేసుకోదలచిన ఉపాధ్యాయులకి ఆ లెక్క సిద్ధంగా ఉంది. ఇ 12, ఎ, ఐ తొమ్మిదేసి, ఓ 8, ఎన్, ఆర్, టి ఆరేసి, ఎల్, ఎస్, యు, డి నాలుగేసి, జి 3, బి, సి, ఎమ్, పి, ఎఫ్, హెచ్, వి, డబ్ల్యు, వై రెండేసి, కె, జె, ఎక్స్, క్యూ, జెడ్ ఒక్కొక్కటి. మొత్తం 98 బిళ్లలు. పాత శుభలేఖల అట్ట దీనికి బాగా సరిపోతుంది, మందంగా ఉంటుంది, వేలికి అందుతుంది.

మీ నుంచి కోరేది ఇదీ. చక్రం కింద నియమాలు ప్రతిరోజూ వేయండి. ఎన్ని అక్షరాలకి తగ్గకూడదు, ఒక అక్షరాన్ని ఎన్నిసార్లు వాడవచ్చు, పేర్లూ బహువచనాలూ చెల్లుతాయా, ఏ డిక్షనరీ ప్రమాణం. కలర్, సెంటర్ లాంటి పదాలకి బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ ఒప్పుకుంటారో లేదో కూడా. మర్నాడు జవాబులు అకారాదిగా కాకుండా తోకల వారీగా, ఒకే అక్షరాలున్నవి ఒకచోట చేర్చి వేయండి. అరుదైన పదాలకి పక్కన తెలుగు అర్థం వేయండి. ఇందుకు మీకు ఇంకో రెండు అంగుళాల చోటు పడుతుంది.

పందికొక్కు చక్రాన్ని వాడుకోదలిస్తే నిరభ్యంతరంగా వాడుకోండి. మధ్యలో సి ఉంచడమే మంచిది. బి పెడితే యాక్షన్, కాటయాన్, టానిక్, డెకాయిట్ అన్నీ పోయి బ్యాండిట్, అబ్‌టెయిన్, టబూ మిగులుతాయి, షన్ తోక దగ్గర పిల్లలకి దొరకాల్సిన సాధన దొరకదు. అది పెద్ద పిల్లలకి రెండో రోజు వేయవచ్చు, అక్షరాలు అవే ఉంచి మధ్య అక్షరం మాత్రం మార్చి.

ఇట్లు,
విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
తెనాలి